కాగితంలో వచ్చిన దేవుడు

ఆ కంచు విగ్రహాన్ని ఎనిమిది మంది మగాళ్ళు కలిసి ఎత్తబోయి ఎత్తలేకపోయారు. ఎనిమిది మందీ కండలు తిరిగినవాళ్ళే. అందులో ఒకడు నీళ్ళు నిండిన డ్రమ్మును ఒంటిచేత్తో మెట్లెక్కించేవాడు. ఇది చెబుతున్నవాడు చదువుకున్న బడిలో అబద్ధానికొక బెత్తం దెబ్బ చొప్పున వడ్డించేవారు కాబట్టి, ఆ అలవాటు చిన్నప్పుడే వదిలిపోయింది. ధైర్యంగా నమ్మవచ్చు.

అంతటి విగ్రహం శుక్రవారం పొద్దున మెరుగు కొట్లో బల్ల మీద నిలబడి కొత్త చెంబులా ధగధగలాడుతోంది. దాని చుట్టూ ఉన్న నలుగురి మొహాల్లో మాత్రం నెత్తురు చుక్క లేదు.

మెరుగు పెట్టుకుని బతికే ఇంట్లో ఒక వస్తువు మెరిసినందుకు పొయ్యి వెలిగించబుద్ధి కాకపోవడం అదే మొదటిసారి.

పెద్దవాడు గోడవైపు తిరిగి, పాలిషింగు చక్రానికున్న తోలు బెల్టు విప్పుతున్నాడు.

"అన్నయ్యా, దాన్నెందుకు కదుపుతున్నావు?" అన్నాడు చిన్నవాడు.

"వదులైంది."

"నిన్నేగా బిగించావు."

పెద్దవాడి చేతులు ఆగిపోయాయి. "నిన్న బిగించానా?"

చిన్నవాడు నాలిక కరుచుకున్నాడు.

"చూశావా," అన్నాడు పెద్దవాడు మెల్లగా. "నేను చెప్పేది అదే." మళ్ళీ బెల్టు విప్పడం మొదలుపెట్టాడు.

"నిన్న కాదేమో. మొన్నేమో. నాకే సరిగ్గా..."

"నువ్వు సర్దకు. సర్దుతుంటే ఇంకా భయమేస్తుంది."

గుమ్మంలో టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ పెద్ద కోడలికి ఆ మాట గుండెల్లో ముల్లులా దిగింది. బెల్టు బిగించింది నిన్ననే. ఆమె చూసింది. ఆయన బిగిస్తుంటే బెల్టు కొస పట్టుకున్నది కూడా తనే. కానీ ఆ సంగతి ఇప్పుడు చెబితే ఆయనకి మంచిదో, చెప్పకపోతే మంచిదో ఆమెకి తెలియలేదు.

మూల స్టూలు మీద కూర్చున్న అత్తగారు విగ్రహాన్ని ఎగాదిగా చూసింది.

"ఈ పోస్టుమాన్ దేవుడు ఎక్కడ దొరికాడ్రా మనకి," అంది. "ఒంటి మీద నూలుపోగు లేదు. ఉత్తరాలు ఎక్కడ పెట్టుకుంటాడంట?"

ఎవరూ నవ్వలేదు. మామూలు రోజైతే పెద్దవాడే ముందు నవ్వేవాడు.

ఆ దేవుడి పేరు మెర్క్యురీ. పైదేశాల పాత కథల్లో దేవుళ్ళ కబుర్లు ఒకరి దగ్గర్నుంచి ఒకరికి మోసేవాడట. మడమలకి రెక్కలు, చేతిలో రెండు పాములు పెనవేసుకున్న కర్ర. ఫ్రాన్సులో నూట ముప్ఫై ఏళ్ళ కిందట పోతపోశారు. పీఠం మీద పోతపోసిన వాళ్ళ ముద్ర కూడా ఉంది. బుధవారం దాకా ఆ అక్షరాలు వేలికి గుచ్చుకునేవి. ఇప్పుడు అరిగి, తడిమితే గాని తెలియడం లేదు.

సోమవారం పళ్ళ డాక్టరమ్మ దీన్ని చిన్నవాడి చేతికిచ్చి పంపింది. పాముల కర్ర మణికట్టు దగ్గర విరిగింది, అతుకు వెయ్యమంది. ఒంటి రంగు మాత్రం ముట్టుకోవద్దంది. రెండుసార్లు చెప్పింది.

ఆ కొట్లో తండ్రి కాలం నుంచి ఒక పద్ధతి ఉంది. చీటీలు అంటించరు, పుస్తకంలో రాయరు. అతుక్కి వచ్చిన వస్తువు కాగితంలో ఉంటుంది. మెరుగుకి వచ్చిన వస్తువు గుడ్డలో ఉంటుంది. కాగితం పొట్లం చిన్నవాడి టంకం బల్లకి, గుడ్డ మూట పెద్దవాడి చక్రానికి. నలభై ఏళ్ళలో ఒక్క గరిటె కూడా దారి తప్పలేదు.

చిన్నవాడు మంగళవారం పొద్దున అతుకు వేసి, వచ్చిన కాగితంలోనే మళ్ళీ చుట్టి పెట్టాడు. బుధవారం పెద్దవాడి చేతికి అది గుడ్డలో దొరికింది. విప్పి చూస్తే ఒళ్ళంతా నల్లగా, చిలుము పట్టినట్టు ఉంది. ఒక కాలు మాత్రం మెరుస్తోంది. ఎవరో చేతకానివాడు మొదలుపెట్టి సగంలో వదిలేశాడనుకున్నాడు. ఒకడు వదిలేసిన పని అందుకుని పూర్తి చేయడమంటే ఆయనకి పండు తిన్నంత ఇష్టం. మూడు గంటలు చక్రం దగ్గర్నుంచి కదలలేదు. రెక్కల్లో ఈక ఈకకీ మెరుగు పెట్టాడు.

గురువారం చిన్నవాడు చూసి తల పట్టుకున్నాడు. కాగితంలో చుట్టానన్నాడు. గుడ్డలో ఉందన్నాడు పెద్దవాడు. మాటకి మాట పెరిగింది. చిన్నవాడు కోపంలో ఒక మాట అనేశాడు.

"నువ్వూ నాన్నలా తయారవుతున్నావన్నయ్యా."

దాంతో పెద్దవాడు నోరు మూసేశాడు. వాళ్ళ నాన్న చివరి మూడేళ్ళూ ఒకే కుళాయి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మెరుగు పెట్టేవాడు. తర్వాత తలుపు బందులు, కిటికీ ఊచలు. ఆఖరికి ఇద్దరు కొడుకుల్లో ఎవరు పెద్దో పోల్చుకోలేకపోయాడు. తమ్ముడు అబద్ధమాడడు. కాబట్టి కాగితం నిజం. కాబట్టి ఆ కాగితం తన బుర్రలోంచి జారిపోయింది. పెద్దవాడు వేసుకున్న లెక్క అది. ఎక్కడా తప్పు పట్టడానికి లేదు.

ఒక్క చోట తప్ప. ఆ చోటు టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

మంగళవారం మధ్యాహ్నం పెద్ద కోడలు కొట్టు ఊడుస్తోంది. నీళ్ళ డ్రమ్ము పక్కన నేల మీద కాగితం పొట్లం ఉంది. డ్రమ్ము కారి, అడుగంతా తడిసింది. ఎత్తబోతే చిరిగింది. చిరగక చిరగక, మనిషి బట్టలు కట్టుకునే చోటే చిరిగింది. లోపల మగమనిషి, అదీ దిసమొలతో. అత్తగారు పెరట్లోకి వెళ్ళడానికి అదే దారి. చీపురు కింద పడేసి, చేతికందిన పాత కిటికీ తెర ముక్క ఆయనకి చుట్టబెట్టి, తడి తగలకుండా అరలో పెట్టింది. తడి కాగితంతో కిటికీ అద్దం తుడిచి పారేసింది.

ముప్ఫై ఏళ్ళుగా తెలిసిన పద్ధతి ఆ నిమిషాన గుర్తు రాలేదు. సిగ్గు ముందొచ్చింది. మరిచిపోయింది ఎవరైనా ఉంటే ఆ ఇంట్లో ఆమె ఒక్కతే.

ఆ సంగతి గురువారం సాయంత్రమే మొగుడికి చెప్పింది. ఆయన ఆమె తల నిమిరి వెళ్ళిపోయాడు.

* * *

చిన్నవాడు బయటికి వెళ్ళాక, అత్తగారు కళ్ళు మూసుకుని ఒరిగాక, పెద్ద కోడలు టీ గ్లాసు మొగుడి ముందు పెట్టింది.

"ఏమండీ, ఒక్కమాట. ఇలా కూర్చుని వినండి."

"వింటున్నా, చెప్పు."

"గుడ్డ చుట్టింది నేను."

"నిన్న చెప్పావుగా."

"చెప్పాను. మీరు వినలేదు."

"విన్నాను. గుర్తుంది కూడా. నిన్నటివి ఇంకా ఉన్నాయిలే లోపల."

"అలా మాట్లాడకండి." ఆమె గ్లాసు ఆయన దగ్గరికి జరిపింది. "కాగితం తడిసి చిరిగింది. ఆయన ఒంటి మీద... మీరు చూస్తూనే ఉన్నారుగా. అత్తయ్య అటే వస్తారని కంగారులో తెర ముక్క చుట్టాను."

ఆయన టీ ఒక గుక్క తాగాడు. పెదాల చివర చిన్న నవ్వు వచ్చింది. నిన్నటి నుంచి అదే మొదటి నవ్వు. అది చూసి ఆమెకి ఏడుపొచ్చింది.

"బొమ్మకి బట్టలు కట్టానంటావు."

"అవును."

"రాత్రంతా కూర్చుని అల్లావా?"

"అల్లలేదండీ, జరిగింది."

"ఏదీ, ఆ కాగితం?"

"అద్దం తుడిచి పారేశాను. చెత్తబండి తీసుకుపోయింది."

"తెర ముక్క?"

"మీరే దాంతో చేతులు తుడుచుకుని మసిగుడ్డల్లో పడేశారు. అందులో ఏది ఏదో నాకే తెలియడం లేదు. పొద్దున వెతికాను."

"చూశావా, అన్నీ ఎంత చక్కగా కుదిరాయో." ఆయన గ్లాసు కింద పెట్టాడు. "నేనొకటి అడుగుతా, చెప్పు. మన ఇనప్పెట్టె తాళంచెవి పోయింది గుర్తుందా? తమ్ముడు పెట్టె పగలగొట్టాల్సొచ్చింది. అది ఎవరు పోగొట్టారు?"

"నేనే."

"నేను పోగొట్టాను. నా జేబు చిరుగులోంచి జారిపోయింది. ఆ చిరుగు కుట్టింది నువ్వు. నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇప్పుడు మనిద్దరం తప్ప వినేవాళ్ళు లేరు. అయినా ఇప్పుడు కూడా 'నేనే' అన్నావు."

ఆమె కింద పెట్టిన గ్లాసు అందుకుంది.

నిజమే. ఆ మాట ఆమె నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. ఆ ఇంట్లో గాజు గ్లాసు పగిలినా, మరిది స్కూటరుకి గీత పడినా, అత్తగారు కూరలో రెండుసార్లు ఉప్పు వేసినా నేనే నేనే అని ముందుకొచ్చిన మనిషి ఆమె. గొడవ అక్కడితో ఆగిపోయేది, అందరూ భోంచేసేవాళ్ళు. వాన పడినా వదినదే తప్పని చిన్నవాడు వేళాకోళం చేసేవాడు. ముప్ఫై ఏళ్ళు ఊరికే ఖర్చుపెట్టేసిన మాట, ఇవాళ అవసరానికి చెల్లడం లేదు.

"మీ మీద ఒట్టేసి చెప్పమన్నా చెప్తాను," అంది.

"వేస్తావు. నా కోసమైతే ఎన్నైనా వేస్తావు. అందుకే వద్దంటున్నా." ఆయన లేచాడు. "నువ్వు నన్ను కాపాడాలని చూస్తున్నావు. అంటే నీక్కూడా తెలుస్తోందన్న మాట, కాపాడాల్సింది ఏదో ఉందని."

* * *

చిన్నవాడు వెనక వసారాలో టంకం కడ్డీలు ఊరికే అటూ ఇటూ సర్దుతున్నాడు. వదిన వచ్చి ఎదురుగా చతికిలబడింది. ఈమె ఆ ఇంటికొచ్చేనాటికి వాడికి పద్నాలుగేళ్ళు. లెక్కలు తప్పితే తిట్టింది ఆమె, అన్నం పెట్టింది ఆమె.

అంతా చెప్పింది. వాడు సగంలోనే తల ఊపేశాడు.

"నమ్ముతున్నా వదినా."

"మరి మీ అన్నయ్యకి చెప్పు చిన్నా."

"ఏమని చెప్పను? నువ్వు చుట్టడం నేను చూడలేదుగా."

"చూశానని చెప్పు."

వాడు కడ్డీ కింద పెట్టి ఆమె మొహంలోకి చూశాడు. "అన్నయ్యతో అబద్ధమాడమంటావా?"

"అబద్ధమేముంది? జరిగిందే కదా చెప్పేది."

"చూస్తే మరి నిన్న అంత గొంతు చించుకుని ఎందుకరిచావంటాడు. అప్పుడేం చెప్పను?" వాడు కడ్డీని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "ఆ మాట అనకుండా ఉండాల్సింది వదినా. నాన్న మాట. ఇప్పుడు కాదన్నా జాలిపడి అంటున్నాననుకుంటాడు. పొద్దున చూశావుగా, బెల్టు సంగతి."

"బెల్టు నిన్న బిగించింది నిజమే. బుర్ర నిండా ఈ దిగులు పెట్టుకున్న మనిషికి బెల్టు గుర్తుంటుందా?"

చిన్నవాడు చూపు పక్కకి తిప్పుకుని అన్నాడు.

"ఒక్క బెల్టే కాదు. చెప్పకూడదనుకున్నా. పోయిన నెల ఒకే కబురు నాకు రెండుసార్లు చెప్పాడు."

"ఏ కబురు?"

"ఎదురింటాయన గోడ దూకబోయి ఇరుక్కుపోవడం."

"ఓరి పిచ్చోడా, అది నాకు ఇరవైసార్లు చెప్పారు. బాగుందని చెప్పారు. నవ్వొస్తుందని చెప్పారు."

"అదే అయ్యుండాలి," అన్నాడు చిన్నవాడు. గట్టిగా మాత్రం అనలేదు.

నమ్ముతున్నానన్న వాడి కళ్ళల్లో కూడా అనుమానం గూడు కట్టుకుంది. ఇక ఆయన ఏం చేసినా రెండు కళ్ళు వెనకాల ఉంటాయి. ఉప్పు మరిచిపోయినా, చెప్పులు మార్చి తొడుక్కున్నా, ఇంటిల్లిపాదీ ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. అలా చూస్తూ ఉంటే మంచి మనిషికైనా మతి తప్పుతుంది.

* * *

పదకొండింటికి పళ్ళ డాక్టరమ్మ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, బక్కపల్చన, గాలేస్తే పడిపోయేలా ఉంటుంది. కిందటి నెలలోనే ఆస్పత్రి మూసేసింది. కుర్చీలు, బల్లలు ఎవరెవరికో ఇచ్చేసి, ఈ విగ్రహం ఒక్కటే ఇంటికి తీసుకెళదామనుకుంది.

బల్ల దగ్గరికొచ్చి ఆగింది.

"ఇది ఎవరిది?" అంది.

పెద్దవాడు బల్ల దగ్గర్నుంచి ఒకడుగు వెనక్కి వేశాడు.

"మీదేనండీ," అన్నాడు చిన్నవాడు నేల చూస్తూ.

డాక్టరమ్మ విగ్రహాన్ని నడుం దగ్గర ఒక్క చేత్తో పట్టుకుని ఎత్తింది. కుర్చీలో కూర్చుని ఒళ్ళో పెట్టుకుంది.

ఎనిమిది మంది సంగతి అడుగుతారేమో. వాళ్ళు ఎత్తలేకపోయారన్నది అక్షరాలా నిజం. మూరెడు విగ్రహాన్ని ఎనిమిది మంది కలిసి ఎత్తాలంటే పదహారు చేతులు పట్టడానికి చోటేది? అంతెందుకు, ఆ ఎనిమిది మంది ఆ వీధిలోకే రాలేదు. చిన్నవాడు దాన్ని సోమవారం చంకలో పెట్టుకుని, రెండో చేత్తో అరటిపండు తింటూ తెచ్చాడు.

డాక్టరమ్మ బొటనవేలితో విగ్రహం పాదాలు తడుముతోంది.

"ముప్ఫై ఎనిమిదేళ్ళు నా ఆస్పత్రి ముందు గదిలో ఉన్నాడు," అంది. "సూది చూసి బెదిరిన పిల్లలకి వీడి కాలు పట్టుకోమని చెప్పేదాన్ని. గట్టిగా పట్టుకుంటే ఎగిరిపోతారు, నొప్పి తెలియదు అని. ఎంతమంది పట్టుకున్నారో. ఒళ్ళంతా కాఫీగింజ రంగు, ఆ కాలొక్కటే బంగారంలా ఉండేది."

రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి చూసింది. రెండూ ఒకేలా మెరుస్తున్నాయి.

"ఏ కాలు?" అంది, తనలో తను అనుకుంటున్నట్టు. "రోజూ చూసేదాన్ని. ఏ కాలది?"

"ఎడమ కాలమ్మా," అన్నాడు పెద్దవాడు.

అందరూ ఆయనవైపు చూశారు.

"బొటనవేలు, దాని పక్కన రెండు వేళ్ళు. మడమ దగ్గర రెక్క కింది అంచు. రెక్కలో మూడో ఈక దాకా వచ్చి ఆగింది మెరుపు. అంతకంటే పైకి చిన్న చేతులు అందవు కాబోలు. చిటికెన వేలి సందులో మాత్రం నలుపు అలాగే ఉంది." ఆయన చూపు విగ్రహం పాదం మీదే ఉంది. "అది చేతుల మెరుపని అప్పుడు తట్టలేదమ్మా. ఎవరో పని సగంలో వదిలేశారనుకున్నా."

పెద్ద కోడలు ఒక్క అంగలో ఆయన పక్కకి వచ్చింది.

"విన్నారా అండీ, మీ మాటలు మీరే విన్నారా? ఈక లెక్కతో సహా గుర్తున్న మనిషికి మతిమరుపేమిటి? అత్తయ్యా, మీరైనా చెప్పండి."

అత్తగారు నోరు విప్పేలోపు ఆయనే అన్నాడు.

"అన్నీ గుర్తున్నాయి. గుడ్డ గుర్తుంది, ముడి గుర్తుంది, చక్రానికి ఏ మెరుగు సబ్బు ముద్ద రాశానో గుర్తుంది. కాగితం ఒక్కటే లేదు." చాలా నెమ్మదిగా చెప్పాడు, బేరం కుదరని వస్తువు గురించి చెప్పినట్టు. "నాన్నకీ అంతేగా. చిన్నప్పటి పద్యాలన్నీ గడగడా అప్పజెప్పేవాడు. మధ్యలో ఆగి, అమ్మని చూపించి ఈవిడెవరనేవాడు."

అత్తగారు తల గోడవైపు తిప్పుకుంది.

ఇంక లాభం లేదని పెద్ద కోడలు డాక్టరమ్మ ముందు నేల మీద కూర్చుంది. తడి కాగితం, చిరుగు, తెర ముక్క, సిగ్గు, ఏదీ దాచకుండా చెప్పింది. చెబుతుంటే తనకే అది కట్టుకథలా వినిపించింది. దిసమొల దగ్గరికొచ్చేసరికి గొంతు తడబడింది. ఆ తడబాటు అబద్ధంలా వినిపిస్తుందని తెలిసి ఇంకా తడబడింది.

"అమ్మా, ఆవిడ అలాగే అంటుంది," అన్నాడు పెద్దవాడు, క్షమించమన్నట్టు. "తప్పు నాది."

డాక్టరమ్మ ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. నలభై ఏళ్ళు జనం నోళ్ళు తెరిపించి చూసిన మనిషి. పెద్ద కోడలు ఇంకాస్త ముందుకు జరిగింది. ఈవిడకి తెలుస్తుంది. ఈవిడ ఒక్క మాటంటే ఆయన వింటాడు.

"నా కుర్చీలో కూర్చున్న పిల్లలు నొప్పి లేదనేవాళ్ళు," అంది డాక్టరమ్మ. "బయట కూర్చున్న అమ్మకి వినపడాలని. అలా అన్నారంటే నొప్పి ఉందని నాకు తెలిసిపోయేది." చెయ్యి చాచి ఆమె భుజం మీద వేసింది. "నువ్వు మంచి భార్యవమ్మా."

తిట్టి ఉంటే ఇంకో నాలుగు మాటలు చెప్పుకునేది. ఆ మెప్పుతో నోరు మూతపడిపోయింది.

"రంగు మళ్ళీ తెప్పించొచ్చమ్మా," అన్నాడు పెద్దవాడు. "మందు పూసి వేడి చూపిస్తే నలుపు తిరుగుతుంది. మా తమ్ముడు చేస్తాడు. నేను ముట్టుకోను."

"కాలు?"

"కాలు వదిలేసి మిగతా ఒంటికి పూస్తాడు. మెరుపు అలాగే ఉంటుంది."

"అది మీ చక్రం మెరుపవుతుంది మేస్త్రీ."

డాక్టరమ్మ విగ్రహాన్ని బల్ల మీద పెట్టి, చీరకి అంటిన పాలిష్ పొడి దులుపుకుంది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"కొన్నాళ్ళు ఇక్కడే ఉండనివ్వండి. ఇంటికి తీసుకెళితే నాకు కొత్తమనిషితో ఉన్నట్టుంటుంది."

* * *

మధ్యాహ్నం ఎవరూ సరిగ్గా తినలేదు. ఎండ కాస్త వాలాక పెద్దవాడు తోలు బెల్టు చుట్ట చుట్టి తమ్ముడి బల్ల మీద పెట్టాడు.

"రేపట్నుంచి గుడ్డలో వచ్చినవి కూడా నీకే."

"నాకు చక్రం పట్టుకోవడం చేతకాదన్నయ్యా."

"నేర్పిస్తా. తొందరగా నేర్చుకో. నాకెంత టైముందో తెలియదు."

"అన్నయ్యా, వదిన చెప్పేది ఒక్కసారి..."

"వదిన ఎప్పుడు ఎవర్ని పట్టిచ్చిందిరా," అన్నాడు పెద్దవాడు. అందులో కోపం లేదు. ప్రేమే ఉంది. అందుకే దానికి అడ్డం వెళ్ళే దారి ఎవరికీ కనపడలేదు.

అత్తగారు స్టూలు మీద నుంచి కోడలిని పిలిచింది. చెవి దగ్గరికి రమ్మంది.

"నిజంగా చుట్టావుటే, తెర ముక్క?"

"చుట్టాను అత్తయ్యా."

"నా కోసమా?"

"మీరు అటు వస్తారని."

"నలుగురు పిల్లల్ని కన్నదాన్ని. నేను చూడనిదేముందే, పిచ్చిదానా." ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. "నేను చెప్పినా వాడు నమ్మడు. అత్తాకోడళ్ళు ఒకటయ్యారంటాడు. ముప్ఫై ఏళ్ళకి ఒకటయ్యాం, చూడు, ఎందుకూ పనికిరాకుండా."

కొట్లో పెద్దవాడు పాత క్యాలెండరు వెనక వైపు చీటీలుగా కత్తిరిస్తున్నాడు. ఒక్కొక్క దాని మీద గుండ్రంగా, బడిపిల్లాడి రాతలా రాస్తున్నాడు. ఎర్ర సబ్బు. తెల్ల సబ్బు. నూలు చక్రం. ఇత్తడికి మాత్రమే. కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టినా తెలిసే డబ్బాలవి. ఒక్కొక్క డబ్బా మీద ఒక్కొక్క చీటీ అంటించాడు.

"ఇప్పట్నుంచే రాసి పెట్టుకుంటే మంచిది," అన్నాడు ఆమె రావడం చూసి. "నాన్నకి ఎవరూ రాసివ్వలేదు."

ఆమె ఏమీ అనలేదు. ఏమన్నా అది మంచి భార్య మాటే అవుతుంది.

ఆఖరి చీటీ కొంచెం పెద్దది. దాన్ని తీరుబడిగా రాశాడు. "ఇది కాగితంలో వచ్చింది. మెరుగు పెట్టకూడదు." తళతళలాడుతున్న దేవుడి పీఠం మీద, అరిగిపోయిన ముద్ర ఉన్నచోటే ఆనించి చూసుకున్నాడు.

అప్పుడు ఆమెవైపు తిరిగాడు. ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. "నువ్వు చెప్పింది నిజమే అయ్యుండొచ్చు," అన్నాడు.

చెయ్యి పట్టుకోవడం, ఆ మాట అనడం, ఈ రెండూ చెబుతున్నవాడు కల్పించాడు. చూస్తూ చూస్తూ ఊరుకోలేక. ఆమె రెండు చేతుల్లోనూ జిగురు గిన్నె ఉంది. ఆయన వేలు అందులో ముంచి, చీటీ వెనక రాసి, పీఠానికి అంటించి, నాలుగు అంచులూ నొక్కాడు. సరిగ్గా ఉందా అని అడిగాడు. అందులో రాసింది నిజమే కాబట్టి, ఉందంది.